ఉద్దానం కిడ్నీ జబ్బుపై రివ్యూ: క్వాలిటేటివ్ పేపర్లు ఎలా వెతకాలి?

ప్రశ్న: శ్రీకాకుళంలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. కారణం తెలియని కిడ్నీ జబ్బుతో ఉద్దానంలోనూ అలాంటి ఇతర చోట్లా బతుకుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఏం అనుభవిస్తున్నారన్న దాని మీద సిస్టమాటిక్ రివ్యూ (వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి కలిపి చూడటం) చేయాలనుకుంటున్నాను. వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో ‘ఉద్దానం’, ‘క్వాలిటేటివ్’ అని కొడితే పనికొచ్చేది దాదాపు ఏమీ రాలేదు. ‘డయాలసిస్’, ‘ఎక్స్‌పీరియన్స్’ అని కొడితే వేలకు వేలు వస్తున్నాయి. గైడ్ గారు పికో (పాపులేషన్, ఇంటర్వెన్షన్, కంపేరిజన్, అవుట్‌కమ్ అనే నాలుగు గళ్ల చట్రం) ప్రకారమే సెర్చ్ చేయమంటున్నారు. కాలేజీలో సినాల్ గానీ స్కోపస్ గానీ (చందా కట్టి వాడే పేపర్ల డేటాబేసులు) లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

డాక్టర్ గారూ, మీ సెర్చ్‌లో పెద్ద తప్పేమీ లేదు. ‘క్వాలిటేటివ్’ అన్న మాట మీద పెట్టుకున్న నమ్మకమే ఎక్కువ. నేను విజయనగరంలో ఉంటూ చాలా ఏళ్లుగా రివ్యూ టీములకు సెర్చ్ పని చేసిపెడుతున్నాను. మందుల ట్రయల్స్ వెతకడానికి అలవాటుపడ్డవాళ్లందరూ మొదట ఇక్కడే ఆగిపోతారు. ట్రయల్ పేపర్ అయితే ‘రాండమైజ్డ్’ అన్న మాట టైటిల్‌లోనో అబ్‌స్ట్రాక్ట్‌లోనో కనబడుతుంది, పబ్‌మెడ్ కూడా దానికి విడిగా ముద్ర వేస్తుంది. క్వాలిటేటివ్ పేపర్‌కు, అంటే అంకెలు కాక మనుషుల మాటలను విశ్లేషించే పేపర్‌కు, అలాంటి భరోసా లేదు. రాసినవాళ్లు పేషెంటు అన్న మాటనే కొటేషన్‌లో పెట్టి టైటిల్ చేస్తారు. అందులో జబ్బు పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు, పద్ధతి పేరూ ఉండదు. అబ్‌స్ట్రాక్ట్‌లో ‘ముప్పై మందితో మాట్లాడాం’ అని ఉంటే అదే గొప్ప. పేపర్ దేని గురించో తెలిపేలా పబ్‌మెడ్‌లో తగిలించే మెష్ పదాల్లో ‘క్వాలిటేటివ్ రిసెర్చ్’ చేరిందే 2003లో. ఆ తర్వాతి పేపర్లకైనా అన్నిటికీ ఆ పదం తగిలించారని అనుకోవద్దు.

ఇక మీ టాపిక్‌లో ఇంకో చిక్కుంది. ఉద్దానం మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం నీళ్ల మీద, మట్టి మీద, రక్త పరీక్షల మీద. ఆ పేపర్లలోనూ ‘క్వాలిటేటివ్’ ఉంటుంది, కానీ అది ల్యాబ్ మాట. నీళ్లలో ఏ లోహం ఉందో లేదో చూడటం క్వాలిటేటివ్ ఎనాలిసిస్, ఎంత ఉందో కొలవడం క్వాంటిటేటివ్. అంటే మీరు వేసిన వలకు కాడ్మియం, సిలికా పేపర్లు చిక్కుతాయి, కంచిలిలోనో కవిటిలోనో డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి మాటలు జారిపోతాయి. ‘ఎక్స్‌పీరియన్స్’ కూడా ఇంతే. నెఫ్రాలజీలో ‘మా ఆసుపత్రి ఎక్స్‌పీరియన్స్’ అంటే ఇన్నేళ్లలో డయాలసిస్ కోసం ఇన్ని ఫిస్టులాలు (రక్తనాళాలు కలిపే ఆపరేషన్లు) వేశాం అన్న లెక్క. ‘ఇంటర్వ్యూ’ అంటే సర్వేలో ప్రశ్నాపత్రం పట్టుకుని ఇంటింటికీ తిరగడం కూడా. ‘నెరేటివ్’ కొడితే నెరేటివ్ రివ్యూలు, ‘ఫోకస్’ కొడితే ‘ఈ పేపర్‌లో ఫలానా దాని మీద ఫోకస్ చేశాం’ అన్నవన్నీ వచ్చిపడతాయి.

అందుకని ముందు మీ ప్రశ్నను రెండు ముక్కలు చేయండి. రెండింటికీ ఒకే సెర్చ్ సరిపోదు.

మొదటి ముక్క కారణం తెలియని కిడ్నీ జబ్బు ఉన్న ప్రాంతాలు. ప్రపంచం మొత్తం మీద ఈ సాహిత్యం మరీ పెద్దది కాదు. దీనికి క్వాలిటేటివ్ ఫిల్టర్ (ఆ రకం పేపర్లే వచ్చేలా సెర్చ్‌కు కలిపే మాటల గుంపు) అసలు పెట్టొద్దు. జబ్బు పేర్లు, ప్రాంతాల పేర్లు మాత్రమే ఇచ్చి, వచ్చినవాటి టైటిళ్లు, అబ్‌స్ట్రాక్టులు అన్నీ చూసేయండి. ల్యాబ్ పేపర్లను టైటిల్ చూసి క్షణంలో పక్కన పెట్టొచ్చు కాబట్టి భయపడేంత పని కాదు. టాపిక్ చిన్నదైనప్పుడు ఫిల్టర్ వల్ల మిగిలే సమయం కొంచెమే, పోగొట్టుకునేది ఎక్కువ. నా దగ్గరికి వచ్చే సెర్చ్‌లలో నేను మొదట తీసేయించేది ఈ అక్కరలేని ఫిల్టర్‌నే.

ఇక్కడ శ్రమ అంతా పేర్లు పోగుచేయడంలో ఉంది. ఒకే జబ్బుకు ఒక్కో దేశంలో ఒక్కో పేరు. మన దగ్గర ‘ఉద్దానం నెఫ్రోపతీ’. శ్రీలంకలో సి.కె.డి.యు. అంటారు, అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్‌కు ‘యు’ చేర్చినది. దాన్ని విడమరిస్తే ఆ ‘యు’ ఒకరికి ‘అన్‌నోన్’, ఇంకొకరికి ‘అన్‌సర్టెన్’, మరొకరికి ‘అన్‌డిటర్మిండ్’. దాని పక్కన ‘ఈటియాలజీ’ ఉండొచ్చు, ‘కాజ్’ ఉండొచ్చు, ‘ఆరిజిన్’ ఉండొచ్చు. ఈటియాలజీని బ్రిటిష్ వాళ్లు ‘ఎ’తో మొదలుపెడతారు, అమెరికావాళ్లు ‘ఇ’తో. హీమోడయాలసిస్‌కూ ఇదే పేచీ. మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీలకు వచ్చేదాన్ని ‘మీసోఅమెరికన్ నెఫ్రోపతీ’ అంటారు. వ్యవసాయ సమాజాల్లో వచ్చే ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్ అని ఇంకో పేరుంది, దాని పొట్టి రూపం ‘సినాక్’. ‘నాన్ ట్రెడిషనల్ కాజెస్’ అనేవాళ్లూ ఉన్నారు. స్పానిష్‌లో రాసేవాళ్లలో ఇది ఎక్కువ.

ఊర్ల పేర్లు కూడా చేర్చండి, ఎందుకంటే సోషల్ సైన్స్ వాళ్లు జబ్బు పేరు కంటే ఊరి పేరు ముందు రాస్తారు. మన వైపు ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. వీటిలో ప్రతి పేరుకూ ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు తిరుగుతున్నాయి. ఇచ్ఛాపురంలో ‘హెచ్’ ఎక్కడెక్కడ పెడతారో చెప్పలేం. ఉద్దానానికి ‘డి’ తర్వాత ‘హెచ్’ పెట్టి కూడా ఒకసారి చూడండి. శ్రీకాకుళానికి బ్రిటిష్ కాలపు పేరు ‘చికాకోల్’ మాత్రం వద్దు, మీకు కావలసిన పేపర్లన్నీ ఈ మధ్యవే. శ్రీలంకకు నార్త్ సెంట్రల్ ప్రావిన్స్, అనురాధపుర, మెదవచ్చియ, పదవియ. నికరాగువాకు చిచిగల్ప, చినాన్‌దేగ, ఎల్ సాల్వడోర్‌కు బాహో లెంపా. ఇదంతా ఒక కాగితం మీద పట్టికలా రాసుకుని, కొత్త పేపర్ దొరికినప్పుడల్లా అందులో కొత్త పేరేమైనా ఉంటే చేర్చుకుంటూ పోండి. మళ్లీ సెర్చ్ చేసేటప్పుడు ఆ పట్టికే మీకు ఆధారం.

రెండో ముక్క డయాలసిస్ మీద బతుకు. ఇది మహాసముద్రం. కిడ్నీ పేషెంట్ల అనుభవాల మీద ఆస్ట్రేలియా నుంచి, యూరప్ నుంచి కుప్పలుగా పేపర్లు ఉన్నాయి. సిడ్నీలో డయాలసిస్‌కు వెళ్లేవాడి బాధ, పలాస బస్సులో వెళ్లేవాడి బాధ ఒకటేనా అన్నది మీరు, మీ గైడ్ గారు కూర్చుని తేల్చుకోవాలి. నా సలహా, దక్షిణాసియా వరకు పరిమితం చేయండి, ఎందుకు చేశారో ప్రోటోకాల్‌లో రాయండి. ఇక్కడ మాత్రం ఫిల్టర్ కావాలి, అదీ పల్చగా. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్ కోసం పరీక్షించిన ఫిల్టర్లలో మూల పదాలు చాలా మామూలువే: ‘ఇంటర్వ్యూ’, ‘ఎక్స్‌పీరియన్స్’, ‘క్వాలిటేటివ్’ లాంటివి. వాటికి ‘ఫోకస్ గ్రూప్’, ‘థీమాటిక్’, ‘ఎత్నోగ్రఫీ’, ‘గ్రౌండెడ్ థియరీ’, ‘ఫినామినాలజీ’, ‘లివ్‌డ్ ఎక్స్‌పీరియన్స్’, ‘పర్‌స్పెక్టివ్’ కలపండి. పదం మొదటి భాగం మాత్రం రాసి దాని చివర నక్షత్రం గుర్తు పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే ‘ఎత్నోగ్రఫిక్’ పోతుంది. ఈ మాటలన్నిటినీ ‘ఆర్’తో కలిపి, వాటికి తోడుగా మెష్‌లోని ‘క్వాలిటేటివ్ రిసెర్చ్’, ‘ఫోకస్ గ్రూప్స్’, ‘ఇంటర్వ్యూస్ యాజ్ టాపిక్’ పదాలూ పెట్టండి. ఒక్క మెష్‌తోనూ పని జరగదు, ఒక్క మామూలు మాటలతోనూ జరగదు. తల్లిపాల సహాయం మీది క్వాలిటేటివ్ పేపర్లు వెతుకుతూ 2004లో బ్రిటన్‌లో ఒక బృందం మూడు రకాల సెర్చ్‌లను పోల్చి చూసింది. ఏ ఒక్కదానితోనూ అన్నీ దొరకలేదు, పైగా వచ్చినవాటిలో ఎక్కువ భాగం పనికిరానివే. కాబట్టి మీకు చెత్త ఎక్కువ వస్తోందంటే సెర్చ్ చెడిపోయిందని కాదు. ఈ పనిలో అది మామూలే.

కొన్ని అస్సలు చేయొద్దు. ‘క్వాంటిటేటివ్’ను ‘నాట్’ పెట్టి తీసేయొద్దు, అంకెలూ మాటలూ రెండూ ఉన్న మిక్స్‌డ్ మెథడ్స్ పేపర్లు దానితోపాటే పోతాయి. పబ్‌మెడ్ పక్కన కనబడే ‘హ్యూమన్స్’ టిక్కు పెట్టొద్దు. మెష్ పదాలు ఇంకా వేయని కొత్త పేపర్లు ఆ టిక్కుతో మాయమవుతాయి. ఇంగ్లీషు ఒక్కటే అన్న పరిమితి మీ టాపిక్‌కు మరీ అన్యాయం. మధ్య అమెరికా సాహిత్యంలో మంచి భాగం స్పానిష్‌లో ఉంది. లిలాక్స్, సైలో అనే డేటాబేసులు ఉచితం, వాటిలో స్పానిష్ మాటలతోనే వెతకండి. అబ్‌స్ట్రాక్ట్ జల్లెడకు మెషిన్ ట్రాన్స్‌లేషన్ చాలు. రివ్యూలోకి తీసుకునే పేపర్‌కు మాత్రం ఆ భాష వచ్చినవాళ్లను పట్టుకోవాలి, పేషెంటు మాటల్లోని ఛాయలు మెషిన్‌కు అందవు.

గైడ్ గారి పికో సంగతి. దాని మీద ఆయనతో వాదన పెట్టుకోవద్దు, అవసరం కూడా లేదు. పికోలో కంపేరిజన్, అవుట్‌కమ్ గళ్లు మీ ప్రశ్నకు సరిపోవన్నది నిజమే. అందుకే క్వాలిటేటివ్ కోసం 2012లో స్పైడర్ అనే ఇంకో చట్రం ప్రతిపాదించారు: ఎవరి మీద, ఏ అనుభవం, ఏ డిజైన్, ఏం అంచనా వేశారు, ఏ రకం పరిశోధన అని. వినడానికి బాగుంటుంది. కానీ 2014లో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేషెంట్ల అనుభవాల మీద సెర్చ్‌తో రెండింటినీ పోల్చి చూస్తే, స్పైడర్‌తో తక్కువ చెత్త వచ్చింది, పనికొచ్చే పేపర్లు కూడా కొన్ని తప్పిపోయాయి. ఏమీ వదలకూడదనుకుంటే పికోనే మేలని వాళ్లే రాశారు. నేను చేసేది ఏమిటంటే, ప్రశ్న రాయడానికి, ఏ పేపర్ ఉంచాలో తీసేయాలో నిర్ణయించడానికి స్పైడర్ వాడతాను. సెర్చ్ బాక్సులో మాత్రం రెండు గంపలే పెడతాను: ఎవరు, ఏమిటి. ఎన్ని గళ్లు ‘అండ్’తో కలిపితే అన్ని పేపర్లు రాలిపోతాయి. గైడ్ గారికి ‘పికోలో పి, ఐ వాడాను, మిగతావి స్క్రీనింగ్‌లో చూస్తాను’ అని చెప్పండి, ఆయన కాదనరు.

సెర్చ్ రాశాక దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, చాలామంది చేయరు. మీ టాపిక్‌లో కచ్చితంగా ఉండాల్సిన పేపర్లు ఎనిమిదో పదో ముందే చేత్తో ఏరి పెట్టుకోండి. గూగుల్ స్కాలర్‌లో తిరిగి, తెలిసినవాళ్లను అడిగి, పాత రివ్యూల్లోంచి. వాటిలో ఒక్కటైనా సామాజిక శాస్త్రం పత్రికలోది ఉండాలి, ఒక్కటైనా విచిత్రమైన టైటిల్‌ది ఉండాలి. మీ సెర్చ్‌కు అవన్నీ చిక్కాయా లేదా చూడండి. చిక్కనిదాన్ని తెరిచి, ఏ మాట లేకపోవడం వల్ల తప్పిపోయిందో కనిపెట్టి, ఆ మాట చేర్చి మళ్లీ నడపండి. అన్నీ చిక్కేదాకా ఇదే పని.

సినాల్ లేకపోవడం లోటే, కాదనను. నర్సింగ్ పరిశోధన ఎక్కువగా అక్కడ ఉంటుంది, క్వాలిటేటివ్ ముద్రలు కూడా పబ్‌మెడ్ కంటే అక్కడ నయం. ఎవరైనా స్నేహితులు అది ఉన్న పెద్ద సంస్థలో చదువుతుంటే మీ స్ట్రింగ్ (సెర్చ్ బాక్సులో పెట్టే మాటల వరస) వాళ్లకిచ్చి, అక్కడి లైబ్రేరియన్‌తో నడిపించి ఫైలు తెప్పించుకోండి. అది నేరమేమీ కాదు, చాలా రివ్యూల్లో జరిగేదే. ఎవరు, ఏ తేదీన నడిపారో రాసిపెట్టుకుంటే చాలు. మీది ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’లో నమోదైందో లేదో లైబ్రరీలో అడగండి. దానితో చాలా జర్నళ్ల ఫుల్ టెక్స్టులు తెరుచుకుంటాయి. అయితే అది పేపర్ చదవడానికి పనికొస్తుంది, వెతకడానికి డేటాబేస్ వేరే కావాలి. ఉచితంగా దొరికేవాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి గ్లోబల్ ఇండెక్స్ మెడికస్‌ను వదలొద్దు, ఆగ్నేయాసియా పత్రికలు అందులో ఉంటాయి. లెన్స్ అనే డేటాబేస్ కూడా ఉచితమే. శ్రీలంక పత్రికలకు ‘శ్రీలంకా జర్నల్స్ ఆన్‌లైన్’ ఉంది. గూగుల్ స్కాలర్‌లో ఏ సెర్చ్‌కైనా వెయ్యి ఫలితాలకు మించి చూపించదు. మొదటి రెండు మూడు వందలు చూసి ఆపండి, ఎన్ని చూశారో రాయండి.

మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉండే శోధ్‌గంగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పబ్‌మెడ్‌లో మీకు దొరకని ఉద్దానం అక్కడ దొరికే అవకాశం ఉంది. ఈ జబ్బు మీద ఊళ్లలో కూర్చుని మాట్లాడేవాళ్లు అందరూ డాక్టర్లు కారు. ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, సోషియాలజీ, ఎకనామిక్స్ విభాగాల పీహెచ్‌డీలు చూడాలి. అక్కడ కీవర్డులు నమ్మదగ్గవి కావు, కాబట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్ల విభాగం తెరిచి వరసగా టైటిళ్లు చూసుకుంటూ పోవడమే మంచిది. టైటిల్‌లో ‘కిడ్నీ’ లేకుండా ‘శ్రీకాకుళం జిల్లాలో మత్స్యకారుల ఆరోగ్యం’ అనో ‘వలస కూలీల జీవనం’ అనో ఉన్న థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం మీకు కావలసింది ఉండొచ్చు. ఉద్దానం నుంచి వలస వెళ్లేవాళ్ల మీద రాసినవారికి ఈ జబ్బు ఎదురుపడకుండా ఉండదు. ఎచ్చెర్ల దగ్గర మన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది కదా, ఒకరోజు వెళ్లి లైబ్రరీలో అడగండి. ఎం.డి. డిసర్టేషన్ల కోసం మీ కాలేజీ లైబ్రరీ బీరువాయే వెతకాలి, అవి ఆన్‌లైన్‌లో దొరికేది తక్కువ.

వార్తాపత్రికల్లో వచ్చిన ఉద్దానం ఫీచర్లు, టీవీ కథనాలు చేర్చొచ్చా అని మీకు సందేహం రావచ్చు. పద్ధతి చెప్పనిది పరిశోధన కాదు. ఇంటర్వ్యూలు ఎంత గొప్పగా ఉన్నా రివ్యూలోకి తీసుకోవద్దు, ఇంట్రడక్షన్‌లో వాడుకోండి. స్వచ్ఛంద సంస్థల రిపోర్టులు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, కొన్నిటిలో ఎవరితో, ఎలా మాట్లాడారో శుభ్రంగా రాసి ఉంటుంది. స్క్రీనింగ్‌కు నేను పెట్టుకునే గీత ఇది: మాటల రూపంలో సమాచారం సేకరించి, ఆ మాటలనే విశ్లేషించి ఉండాలి. రెండూ ఉంటేనే లోపలికి. సర్వే చివర ‘మీ అభిప్రాయం’ అని ఒక గడి పెట్టి, వచ్చిన జవాబులను శాతాల్లో చెప్పినది బయటికి.

ఇప్పుడు అసలైన దారి. ఆరోగ్య రంగంలో కొత్త విధానాలు ఎలా వ్యాపిస్తాయన్న పెద్ద రివ్యూ ఒకటి బ్రిటన్‌లో జరిగింది. అందులో చేరిన 495 పత్రాలు ఎలా దొరికాయో 2005లో లెక్క తీసి ప్రచురించారు. ముందుగా అనుకున్న ప్రకారం డేటాబేసులూ పత్రికలూ వెతికితే దొరికినవి 30 శాతమే. ఒక పేపర్ పట్టుకుని దాని వెనకా ముందూ వెళ్తే 51 శాతం దొరికాయి. ఆ సాహిత్యం చాలా రంగాల్లో చెల్లాచెదురుగా ఉన్నది కనుక అలా వచ్చింది. మీ సాహిత్యమూ అంతే: నెఫ్రాలజీ, నర్సింగ్, కూలీల చరిత్ర, నీటి రాజకీయం, అన్నిటిలోనూ తలో ముక్క ఉంది. కాబట్టి పనికొచ్చే ప్రతి పేపర్ రిఫరెన్సులు చదవండి, దాన్ని తర్వాత ఎవరు ఉటంకించారో స్కాలర్‌లోనో లెన్స్‌లోనో చూడండి. పేపర్లు ఎక్కువైతే ‘సైటేషన్‌చేజర్’ అనే ఉచిత సాధనం రెండు వైపులా ఒకేసారి తవ్విపెడుతుంది.

అక్కడితో ఆగకుండా, అంకెల పేపర్లకు తోబుట్టువులను కూడా వెతకండి. ఒక టీము ఉద్దానంలోనో శ్రీలంకలోనో ప్రివలెన్స్ సర్వే (జబ్బు ఎంతమందికి ఉందో లెక్క) చేసిందనుకుందాం. అదే ప్రాజెక్టులో భాగంగా పేషెంట్లతోనూ ఆశా కార్యకర్తలతోనూ మాట్లాడి, దాన్ని రెండేళ్ల తర్వాత వేరే పత్రికలో, వేరే మొదటి రచయిత పేరుతో వేసి ఉంటారు. ప్రోటోకాల్ పేపర్ తెరిస్తే ‘క్వాలిటేటివ్ భాగం విడిగా ప్రచురిస్తాం’ అని ఒక లైను కనబడుతుంది. ప్రాజెక్టు పేరుతో, నిధులిచ్చిన సంస్థ పేరుతో, టీములో ఉన్న సోషల్ సైంటిస్టు పేరుతో వెతకండి. దొరక్కపోతే కరెస్పాండింగ్ ఆథర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. మన ప్రాంతం వాళ్లమని చెబితే జవాబిచ్చేవాళ్లే ఎక్కువ.

ఎక్కడ ఆపాలి అన్నదానికి ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెబుతారు. అన్నీ దొరకాలనేవాళ్లున్నారు. కొత్త పేపర్ చదివినా కొత్త భావం రాకపోతే చాలనేవాళ్లున్నారు. మీ మొదటి ముక్కకు మొదటి మాట పాటించండి. చిన్న సాహిత్యం, పైగా మీ జిల్లా సంగతి, వైవాలో ‘ఫలానాది ఎందుకు లేదు’ అని అడిగితే జవాబుండాలి. రెండో ముక్కలో అన్నీ వెతికి, చదివి, వాటిలోంచి ఎంచుకోవచ్చు: సమాచారం చిక్కగా ఉన్నవి, రకరకాల మనుషులు ఉన్నవి. ఆడవాళ్లు, కూలీలు, సంరక్షణ చేసే కోడళ్లు, డయాలసిస్ మానేసినవాళ్లు. ఈ చివరివాళ్ల మీద పేపర్లు అరుదు, దొరికితే వదలొద్దు. కానీ ముందే ఎంచుకుని వెతకడం మానేస్తే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

రాసిపెట్టుకునే విషయంలో బద్ధకించొద్దు. ఏ డేటాబేస్, ఏ ప్లాట్‌ఫామ్, ఏ తేదీ, అక్షరం పొల్లుపోకుండా స్ట్రింగ్, ఎన్ని వచ్చాయి. సెర్చ్ వివరాలు ఎలా రాయాలో చెబుతూ 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ చెక్‌లిస్టు అడిగేది ముఖ్యంగా ఇదే. రిపోర్టు రాసేటప్పుడు ఎన్‌ట్రెక్ చెక్‌లిస్టు పక్కన పెట్టుకోండి, అది క్వాలిటేటివ్ రివ్యూల కోసమే 2012లో చేసింది. డూప్లికేట్లు తీయడానికి జొటేరో, ఇద్దరు విడివిడిగా స్క్రీన్ చేయడానికి రయ్యన్. రెండో మనిషి దొరక్కపోతే జూనియర్‌ను అడగండి, కనీసం ఐదో వంతు అయినా చూడమనండి. రివ్యూలను ముందుగా నమోదు చేసే ప్రాస్పెరోలో రిజిస్ట్రేషన్ స్క్రీనింగ్ మొదలుపెట్టకముందే చేయించుకోండి.

గడువు దగ్గరపడింది అన్నారు. సినాప్సిస్‌కు ఇదంతా అక్కర్లేదు. పేర్ల పట్టిక, రెండు ముక్కల ప్రశ్న, పబ్‌మెడ్ స్ట్రింగ్ ఒకటి, మిగతా డేటాబేసుల జాబితా ఉంటే చాలు. మీరు ఏరిన పది పేపర్ల టైటిళ్లు, మీ స్ట్రింగ్ ఇక్కడ పెట్టండి. ఏవి చిక్కలేదో కూడా రాస్తే, స్ట్రింగ్‌లో ఏం మార్చాలో చూసి చెబుతాను.